పేరు కత్తిరించిన కేలండరు

మా వదిన పోయి నేటికి పదకొండు రోజులు. జ్ఞాపకార్థ కూటంలో చదవడానికి ఒక పేజీ రాసిమ్మని మా సంఘం పాస్టరుగారు అడిగితే రాసిచ్చాను. అందులో అన్నీ నిజాలే. బందరులో ఇరవై ఏళ్ళకు పైగా ఆడపిల్లలకు చదువు చెప్పారని, పెళ్ళితో చదువు ఆగిపోయిన నాచేత మళ్ళీ పుస్తకాలు పట్టించి స్కూలు ఫైనలు రాయించారని, కుటుంబ ప్రార్థన మానిన రోజు లేదని రాశాను. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. రాయనిది ఒకటి మిగిలిపోయింది. నిన్నటి నుంచి అది నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అందుకే ఇప్పుడు కలం పట్టాను. ఇలా రాయగలగడం కూడా ఆవిడ పెట్టిన భిక్షే.

ఆవిడ మా అన్నయ్య భార్య. నాకన్నా పదేళ్ళు పెద్ద. మా రెండిళ్ళకూ మధ్య ఒక్కటే గోడ. వారపత్రిక రాగానే ముందు తను చదివి, సబ్బులూ తలనూనెలూ ఉన్న పేజీలను గుండుసూదితో కలిపి గుచ్చి, అప్పుడు మా చేతికిచ్చేవారు. "ఇవి బుర్రలేనివాళ్ళ కోసం వేస్తారమ్మాయ్. మనకెందుకు?" అనేవారు. సబ్బు కొంటే పై కాగితం చించి పారేసి, ఉత్త సబ్బును పెట్టెలో పెట్టేవారు. అయినా ప్రతిసారీ కొనేది అదే సబ్బు. కొట్టాయన ఊరుకునేవాడు కాదు.

"టీచరమ్మగారికి మళ్ళీ ఆ సబ్బేనాండీ? పేరు చెప్పక్కర్లేదు లెండి, వేలు చూపించండి చాలు."

"పేరు చూసి కాదయ్యా, నురగ చూసి కొంటున్నాను."

"అందరూ నురగే చూస్తారండి," అని ఆయన నవ్వేవాడు. ఆవిడ నవ్వేవారు కారు. నేనెప్పుడూ ఆవిడ పక్షమే.

కొత్త సంవత్సరానికి కొట్లలో ఇచ్చే కేలండర్లకూ ఇదే శిక్ష. బొమ్మ బాగుంటే ఉంచుకుని, తేదీల కాగితాలూ, కింద కంపెనీ పేరూ తీసేయాలి. "మన గోడ వాళ్ళకి అద్దెకిచ్చామా ఏమిటి?" అనేవారు. కత్తెర పట్టే పని నాది. ఒక ఏడు మందుల షాపులో ఇచ్చిన కేలండరు మీద బోర్లా పడుకుని నవ్వుతున్న పసివాడి బొమ్మ ఉంది. తెల్లటి పిల్లవాడు, చేతులకు మూడేసి మడతలు. వాడి కింద పాలపొడి డబ్బా, దాని పేరూ. ఆ డబ్బానూ పేరునూ నేనే కోసేశాను. అప్పటికి నా మేనకోడలు, వదిన ఒక్కగానొక్క కూతురు, తొలి పురిటికి గుడివాడ నుంచి వచ్చి ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళు ముద్దొచ్చే బిడ్డ బొమ్మను రోజూ చూస్తే అలాంటి బిడ్డే పుడతాడని అంటారు కదా. వదిన ఆ మాటకు నవ్వుతూనే, బొమ్మకు అద్దం కట్టించి, కూతురి మంచానికి ఎదురుగా తగిలించారు.

మగపిల్లవాడు పుట్టాడు. చామనచాయ, సన్నటి చేతులు, గొంతు మాత్రం గట్టిది. తల్లి దగ్గర పాలు తాగి హాయిగా నిద్రపోయేవాడు. నెల తిరగకముందే ఒకరోజు వదిన వాడి చెయ్యి ఎత్తి చూసి, "ఏమిటో అమ్మాయ్, వీడికి ఒక్క మడతా లేదు," అన్నారు. ఆ తరువాత మేమందరం వాడి చేతులే చూడసాగాం. గోడకేసి ఒకసారి, బిడ్డకేసి ఒకసారి. చూసిపోవడానికి వచ్చినవాళ్ళదీ అదే వరస. ఎవరైనా వస్తే నా మేనకోడలు వాడి చేతులు కొంగు కింద కప్పేది.

"దీని పాలు వాడికి చాలట్లేదు. డబ్బాపాలు పడదాం," అన్నారు వదిన.

నేను నలుగురికి పాలిచ్చినదాన్ని. కడుపు నిండని బిడ్డ అలా నిద్రపోడని నాకు తెలుసు. అయినా నోరు తెరవలేదు. గోడమీద పిల్లవాణ్ణి చూసి, మనవాడు తక్కువేనేమో అని నేనూ అనుకున్నాను.

అది ఎండాకాలం. కాలువలకు నీళ్ళు ఆపేశారు. తాగడానికి చెరువు నీళ్ళే, అవీ అడుగంటి పచ్చబడ్డాయి. కాచి చల్లార్చి పాలపొడి కలిపేవాళ్ళం. వాడు ఏడుస్తున్నప్పుడు కాచినవి లేకపోతే వడకట్టినవే పోసేవాళ్ళం. తల్లికి పాలు తగ్గిపోయి పది రోజుల్లో పూర్తిగా ఆగిపోయాయి. ఇంతలో వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరుగారు వచ్చి, సీసా మానేసి తల్లిపాలే ఇమ్మన్నారు. ఇవ్వడానికి లేవు. నాలుగో రోజు పొద్దున ప్రార్థనలో ఉండగానే వాడు పోయాడు.

కొన్నాళ్ళకు, ఒకే ఒక్కసారి, ఆ మాట ఎత్తాను. "వదినా, ఆ బొమ్మ మన కళ్ళు పాడుచేసిందేమోనండీ."

ఆవిడ చేతిలో బైబిలు మూశారు. "బొమ్మలు చూసి మోసపోయేదాన్నా నేను? దానిమీద పేరైనా లేదే. నా బుద్ధితో ఆలోచించే పట్టాను. డబ్బా మంచిదే, నీళ్ళు మంచివి కావు. అంతా ప్రభువు చిత్తం."

ప్రభువు చిత్తానికి నేనేనాడూ ఎదురు చెప్పలేదు. ఆరోజు మాత్రం ఆ మాటకు ఆమెన్ అనకుండానే లేచి మా ఇంటికి వచ్చేశాను. ఇప్పటికీ అనలేదు. ఆవిడ చెడ్డవారు కారు. నాకు టైఫాయిడు వచ్చినప్పుడు మూడు వారాలు బడికి సెలవు పెట్టి నా మంచం పక్కన కూర్చున్న మనిషి. కానీ ఆ బొమ్మను మాత్రం గోడ మీంచి తీయలేదు. తీస్తే ఒప్పుకున్నట్టవుతుందనుకున్నారేమో. తీసేయండి అని నేనూ అనలేదు.

నిన్న నా మేనకోడలు గుడివాడకు తిరుగు ప్రయాణమైంది. తరువాత పుట్టిన ఆడపిల్లలిద్దరికీ ఫోటోలున్నాయి. వాడికి ఒక్కటీ లేదు. వాళ్ళమ్మ చీరలు వద్దంది, పుస్తకాలు వద్దంది. గోడ దగ్గర నిలబడి, "అత్తయ్యా, ఈ పటం నేను తీసుకెళ్ళనా?" అని అడిగింది.

"అదెందుకే నీకు?"

"కళ్ళు మూసుకుంటే వాడు నాకు ఇలాగే కనిపిస్తాడు. ఇలాగే ఉండేవాడు కదూ? ఈ చేతులూ, ఈ నవ్వూ."

వాడు నవ్వు నేర్చుకోకముందే పోయాడు. "అవునమ్మా," అన్నాను. తెలిసి అబద్ధమాడాను. అది వెళ్ళాక, వాడి అసలు ముఖం గుర్తుచేసుకుందామని కూర్చున్నాను. రంగు గుర్తొచ్చింది, గొంతు గుర్తొచ్చింది. ముఖం దగ్గరకు వచ్చేసరికి గోడమీద పిల్లవాడే నవ్వుతున్నాడు.

దాన్ని రైలెక్కించింది నేనే. రైలు కదిలేటప్పుడు ఆ పటాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. కిటికీలోంచి ఎండ పడుతుంటే కొంగు కప్పింది.

వాడి చేతులు సన్నగా ఉండేవని ఈ కాగితాల్లో తప్ప ఇంకెక్కడా లేదు. నా తరువాత ఎవరికి దొరికినా వీటిని చింపకండి, దాచండి. ఎవరికీ చూపించకండి. నా మేనకోడలికి అసలే వద్దు.