ఊరందరికీ ఒకటే తాళంచెవి

క్రిప్టో డబ్బు దాచుకునే వాలెట్ యాప్‌లు తయారుచేసుకునేవాళ్ల కోసం మేం కొందరం ఒక కోడ్ లైబ్రరీ రాసి, నెట్‌లో ఉచితంగా పెట్టాం. ఈ రోజు తాండూరులో ఒక నాపరాళ్ల వ్యాపారి దాన్నే ఎత్తేసి, తను సొంతంగా కనిపెట్టిన వాలెట్ అంటూ ఫ్లెక్సీ కట్టి, ల్యాప్‌టాప్ ముందు కొబ్బరికాయ కొట్టాడు. నేనూ ఫోన్‌లో వేసుకున్నాను. ఖాతాకు తాళంచెవిగా వచ్చిన రహస్య పదాలు చూస్తే, లైబ్రరీలో నమూనాకని నేను రాసినవే! పక్కాయన ఫోన్‌లోనూ అవే. వెళ్లి వ్యాపారినే అడిగాను.

"అన్నా, అందరికీ ఇవే పదాలు వస్తున్నయేంది?"

"మంచిదే గద తమ్మీ! ఎవలన్నా మర్చిపోతే పక్కోన్ని అడుగుతడు."

జనం చప్పట్లు కొట్టారు. వాడేముందు ఆ పదాలు మార్చుకోమని లైబ్రరీలో వాటి పక్కనే రాసిపెట్టాను. ఆ మహానుభావుడు మార్చింది పేరొక్కటే.

అందులో డబ్బు వేసినవాళ్లు ఉంటే కామెంట్ పెట్టండి. మీ తాళంచెవి నా దగ్గర కూడా ఉంది.