మొవ్వులు కోసిన యేడాది

మా పేటలో క్రిస్మస్ కంటే మట్టల ఆదివారానికే సందడి ఎక్కువ. క్రిస్మస్‌కి కొత్త బట్ట కావాలి, పిండివంట కావాలి. మట్టల ఆదివారానికి ఈతమట్టలుంటే చాలు. అవి మా గెడ్డ గట్టు మీద కావలసినన్ని. ప్రభువు గాడిదనెక్కి యెరూషలేముకి వచ్చినప్పుడు జనం మట్టలు పట్టుకుని ఎదురెళ్ళారట. మేమూ తలా ఒక మట్ట పట్టుకుని గట్టు మీంచి గుడి దాకా పాడుకుంటూ వెళ్ళేవాళ్ళం. గుడి అంటే పెద్ద కట్టడమేమీ కాదు. మట్టిగోడలు, తాటాకు కప్పు, తలుపు మీద సున్నంతో వేసిన సిలువ. అంతే.

అనకాపల్లి నుంచి తుమ్మపాల వెళ్ళే వైపు, చెరుకు పొలాల వెనక పల్లంలో ఉండేది మా పేట. ఊరివాళ్ళంతా మెరక మీద ఉండేవారు, మాకు మిగిలింది పల్లం. గెడ్డకీ మా గుమ్మాలకీ నడుమ ఒక్క మట్టిగట్టే అడ్డం. ఆ గట్టు నిలబడిందంటే దాని నిండా ఉన్న ఈతచెట్ల వల్లే. కొండల్లో వాన కురిస్తే ఆ వాగు ఎర్రగా పొంగి గట్టు అంచు దాకా వచ్చేది. చెట్ల వేళ్ళు మట్టిని గట్టిగా పట్టుకుని ఉండబట్టి మా ఇళ్ళు కొట్టుకుపోలేదు. ఇది పేటలో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు.

అవి యుద్ధం రోజులు. ఆ యేడు మట్టల ఆదివారం ఆరాధనకి పట్నం నుంచి మిషను దొరసాని వస్తుందని కబురొచ్చింది. మా అయ్య సంఘ పెద్ద. ఉపదేశి గారు ఊరూరూ తిరగాలి కాబట్టి చాలా ఆదివారాలు అయ్య తనే ప్రార్థన నడిపేవాడు. ఇంట్లో అమ్మ ముందు చెల్లని మాటంతా ఆయనకి గుడిలో చెల్లేది. దొరసాని వస్తుందనేసరికి ఆయనకి కాలు నిలవలేదు.

"దుమ్ము కొట్టుకుపోయిన ముదురు మట్టలేటి ప్రెబువుకి? మొవ్వులు కొయ్యండి. తెల్లగా మెరిసిపోవాల" అన్నాడు.

మొవ్వు అంటే ఈతచెట్టు నడినెత్తిన ఇంకా విచ్చుకోని లేతాకు. ఈతకి కొమ్మలుండవు, ఉన్నది ఒక్కటే తల. ఆ తల లోపలికంటా కోస్తే చెట్టు ఇక లేవదు. ఈ సంగతి తెలియక కోశారంటే నేను ఒప్పుకోను. అందరికీ తెలుసు. కానీ దేవుడి కోసం కోసింది దేవుడే మళ్ళీ చిగురు పెట్టిస్తాడన్న ధీమా ఒకటి మా వాళ్ళకి ఆ రోజు ఎక్కడి నుంచో పట్టుకుంది. శనివారం మగవాళ్ళు కత్తులు పట్టుకుని గట్టెక్కారు. పిల్లలం లోపలి తియ్యటి గుజ్జు తింటూ వాళ్ళ వెంట తిరిగాం. మర్నాడు గుడి నిండా తెల్లటి సిలువలు, జడలల్లిన తోరణాలు. దొరసాని చూసి చేతులు జోడించింది. అయ్య మొహం చూడాలి అప్పుడు!

అమ్మ కోటవురట్ల దగ్గర వాళ్ళమ్మకి జ్వరమని వెళ్ళి, సరిగ్గా ఆ ఆదివారమే గట్టు మీంచి నడిచి వచ్చింది. అమ్మ ఈతచాపలు అల్లేది. ఏ చెట్టుకి ఎన్ని మట్టలు కొయ్యాలో, ఏది వదిలెయ్యాలో ఆమె చేతికి తెలుసు. ఆరాధన మధ్యలో వచ్చి వెనక కూర్చుంది. ఎవరో మొవ్వు అందిస్తే తీసుకోలేదు. ఇంటికొచ్చాక అయ్యని నిలదీసింది.

"గట్టు మీద సెట్లన్నిటికీ తలకాయలు తీసీసేరు. నువ్వేనా సెప్పింది?"

"దేవుడి పనికి కోసిందే. మళ్ళీ సిగురెడతాది" అన్నాడు అయ్య.

"దేవుడి పనికా, దొరసాని కళ్ళకా?"

అయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు. అమ్మ నోరు మంచిది కాదని పేటంతా అనేవారు. ఆ ఒక్క రోజు మాత్రం ఆ నోరు అబద్ధమైతే బాగుండునని నేను చాలా కోరుకున్నాను.

ఆ వేసవంతా మా ఇంట్లో చిగురు మాటే. తెల్లారగానే అయ్య గట్టెక్కి ఒక్కొక్క చెట్టు నెత్తి తడిమి చూసేవాడు. ఆయన దిగి వచ్చేటప్పుడు నేను మొహం చూసేదాన్ని, అడగడానికి భయం. మట్టలు లోపలి నుంచి పసుపెక్కి, తర్వాత గోధుమరంగుకి తిరిగి వేలాడిపోయాయి. గుడిలో చెట్ల కోసం ప్రార్థనలు చేశాం. పాడుతున్నానన్న మాటే గాని నా చెవి గెడ్డ వైపే ఉండేది. గెడ్డలో అప్పుడు ఇసక తప్ప ఏమీ లేదు. అయినా నీళ్ళ చప్పుడు వినిపించేది నాకు.

చివరికి అయ్య వేరే ఊళ్ళ నుంచి ఈతపిలకలు తవ్వి తెచ్చి నాటించాడు. ఆరాధన కాగానే ఆడవాళ్ళంతా చెలమల్లో తోడి తలా ఒక కడవ నీళ్ళు పొయ్యాలి, అప్పుడే ఇళ్ళకి వెళ్ళాలి. దేవుడి తోటకి నీళ్ళు పొయ్యటమూ ఆరాధనే అన్నాడు.

"ఇయి నడుమెత్తుకి రావాలంటే మన గుంటకి పెళ్ళయిపోయి పిల్లలు పుట్టాల" అంది అమ్మ నన్ను చూపించి. అంటూనే రెండు కడవలు పోసింది.

అంతకంటే బెంగ మోళ్ళతో వచ్చింది. కట్టెలు దొరకని రోజులు. ఎలాగూ చచ్చిన చెట్లే కదా అని పేటవాళ్ళు పొయ్యిలోకి పీకడం మొదలుపెట్టారు. అయ్య వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు. "సచ్చినా ఏళ్ళు మట్టిని వొగ్గలేదర్రా, అట్టుకునే ఉన్నాయి! పీకకండి" అని బతిమాలాడు. కూలి లేని రోజు గట్టు మీదే కూర్చుని కాపలా కాసేవాడు. కూలికి వెళ్ళిన రోజు ఒకటో రెండో మాయమయ్యేవి. ఎండిన మోళ్ళకి కాపలా కాసే మనిషిని చూసి చెరుకు పొలాలకి వెళ్ళేవాళ్ళు నవ్వుకునేవారు. నాకు వాళ్ళ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ముసురు పట్టింది. ఒక ఆదివారం మేం గుడిలో ఉండగానే గెడ్డ పొంగింది. మోళ్ళు పీకిన చోట గట్టు చెమర్చి, బుంగ పడి, చూస్తుండగానే ఎర్రనీళ్ళు మా వైపు దూకాయి. మగవాళ్ళు గంపలతో మట్టి పోశారు. పోసిన మట్టి పోసినట్టే కరిగిపోయింది. మట్టిని ఆపడానికి కంపో రెమ్మో పడాలి. గట్టు మీద ఏముంది కనక? బుంగ గండిగా మారుతోంది. మా వీధిలో నీళ్ళు పిల్లల మోకాళ్ళ దాకా వచ్చాయి. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఏడుపొచ్చింది.

అయ్య గట్టు వైపు చూశాడు, తర్వాత గుడి వైపు చూశాడు.

"గుడి కప్పు ఇప్పండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"బావా, దేవుడి ఇల్లు కదా..." అన్నారెవరో.

అయ్య తనే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. అమ్మ నా చెయ్యి వదిలి, వెళ్ళి నిచ్చెన పట్టుకుంది. అప్పుడు కదిలారు జనం. తాటాకులు కట్టలు కట్టలుగా, వెదుళ్ళు, వాసాలు, ఆఖరికి సిలువ వేసిన తలుపు కూడా మోసుకెళ్ళి గండిలో కుక్కారు. ఆడవాళ్ళం పైన బంకమట్టి పోసి కాళ్ళతో తొక్కాం. ఉరుకుతున్న నీళ్ళు పాయలై, పాయలు ఊటయ్యాయి. ఊట మాత్రం ఆగలేదు.

ప్రార్థన మధ్యలో వదిలేశాం కాబట్టి ముగించాలన్నాడు అయ్య. నాలుగు గోడల మధ్య అందరం నిలబడ్డాం. వాన నేరుగా నెత్తి మీద పడుతోంది. అయ్య బురదలో మోకాళ్ళూనాడు. ఎప్పుడూ పొడుగ్గా ప్రార్థన చేసే మనిషి ఆ రోజు రెండు ముక్కల్లో ముగించాడు.

"తండ్రీ, నీ సెట్లు నరికీసేం. నీ ఇల్లు కూడా ఇప్పీసి మా ఇళ్ళు కాసుకున్నాం. మమ్మల్నొగ్గీకు" అన్నాడు.

అమ్మ ఒక్కతే ఆమేన్ అంది. మిగతావాళ్ళమంతా కళ్ళు తెరిచి, తలుపు లేని గుమ్మంలోంచి గట్టు వైపే చూస్తున్నాం.