చివరి మిషిన్ పక్కన నిలబడ్డ సారు

మా మిల్లు మేనేజరు సారు పోయారు. మిఠాయి డబ్బా పట్టుకుని మా గట్టు ఊరి బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉంటే, గద్వాల నుంచి వచ్చి దిగినవాళ్లు చెప్పారు. నా బిడ్డకు నాగర్‌కర్నూల్ దగ్గరి పత్తి మిల్లులో కొలువు దొరికింది. పనివాళ్లకు కొత్త మిషిన్లు నేర్పే కొలువు. ఆ మాట మొట్టమొదట సారు చెవిన వేయాలని బయలుదేరాను. ఇప్పటికీ ఎదురుపడ్డవారందరికీ చెప్పుకుని మురిసిపోతున్నాను. కానీ వినవలసిన మనిషి వినలేదే అన్న వెలితి తీరడం లేదు.

గద్వాల జిన్నింగు మిల్లులో పత్తిలోంచి గింజ వేరుచేసే మిషిన్‌కు చేత్తో పత్తి అందించడం నా పని. రెండువేల సంవత్సరం దాటాక మిల్లు యజమాని సేటు కొత్త మిషిన్లు తెప్పించారు. అవి గొట్టంతో పత్తిని వాటంతటవే లాక్కుంటాయి. బటన్ల దగ్గర ఒక్క మనిషి చాలు. మా గుండెల్లో రాయి పడింది.

సారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు: "ఎవ్వలు పరేషాన్ గావద్దు. ఒక పూట పాతదాని మీద చెయ్యుండ్రి, ఒక పూట కొత్తది నేర్వుండ్రి. నేర్సుకునే పూట గూడ కూలి పూటనే. పని వచ్చిందని మీకు అనిపించిన్నాడు, మీ పాత మిషిన్ మీ చేత్తోనే బంద్ చెయ్యుండ్రి."

ఆనాటి నుంచి సారు పలకరింపే మారింది. మా పక్కన కూర్చుని జొన్నరొట్టె తుంచుకుంటూ "ఇయ్యాల కొత్తగ ఏం తెల్సింది?" అని అడిగేవారు. ఎంత మంచి మనిషి, ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

కొందరు బటన్ల దగ్గరికి, కొందరు బేళ్లు కట్టే ప్రెస్సుకు మారారు. పాత షెడ్డులో నా మిషిన్ ఒక్కటే మిగిలింది. నేను చదివింది మూడో తరగతి. కొత్త మిషిన్ మీద వెలిగే లైట్లు చూస్తేనే దూరం జరిగేవాణ్ని.

"మామా, నీ ముసలి పెండ్లాన్ని ఇడువవా ఏంది?" అని నాతో పనిచేసిన అమ్మాయి నా మిషిన్‌ను చూపిస్తూ ఎగతాళి చేసేది.

"ఇడిస్తె నాకు బువ్వ ఎవరు పెడ్తరే?" అనేవాణ్ని. పైకి నవ్వేవాణ్ని గానీ లోపల దిగులే. బిడ్డ అప్పుడు వనపర్తిలో ఐటీఐ చదువుతోంది. నా కూలి పోతే ఆమె చదువూ ఆగిపోతుంది.

ఒకనాడు సేటు వచ్చి సారును నిలదీశారు. "ఏంది సారూ, ఒక్కని కోసం గీ పాతది ఎన్నొద్దులు తిప్పుతరు? ఇనుప తుక్కోనికి అమ్మేస్త."

"మిషిన్‌దేముంది సేటూ, ఎప్పుడైన అమ్మొచ్చు. గీయన నేర్సుకునేదాంక జర ఆగుండ్రి. నేర్పకుంట పంపియ్యాలంటె నన్ను గూడ పంపియ్యుండ్రి."

సేటు నా మిషిన్ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయారు.

ఆ మర్నాడు సారు నన్ను కొత్త మిషిన్‌కు వీపు పెట్టి నిలబెట్టారు. "లైట్లు సూడకు. పత్తి ఇరుక్కుంటె పాతదాంట్ల నీకెట్ల తెల్సేది?"

"సప్పుడు మారేది సారూ."

కావాలనే ఎక్కువ పత్తి వదిలించారు. చప్పుడు బరువెక్కింది. "ఇరుక్కుంటుంది సారూ" అన్నాను.

"ఇగ తిరిగి సూడు." ఎర్ర లైటు వెలుగుతోంది. "గా లైటు చెప్పేది గదే. నువ్వు ఇన్నదే అది చూపిస్తుంది."

ఆ తర్వాత లైట్లకు బెదరలేదు. అన్ని బటన్లూ వచ్చాక, ఒక పొద్దున నా పాత మిషిన్ దగ్గరికి వెళ్లాను. సారు వెంట వచ్చారు, తొందరపెట్టలేదు. మీట కిందికి లాగాను. బెల్టు వెంటనే ఆగలేదు. మెల్లమెల్లగా తిరుగుతూనే ఉంది. గాలిలోని పత్తి నూగు సారు తల మీద, భుజాల మీద వాలుతోంది. ఆయన దులుపుకోలేదు. బెల్టు పూర్తిగా నిలిచేదాకా చేతులు కట్టుకుని అలాగే చూస్తున్నారు.