వెలుతురు కనిపించే గోడ

సున్నం, సిమెంటు లేకుండా రాతిగోడ కట్టడంలో క్వింటిన్ మెక్‌క్లర్గ్‌ను మించినవాడు గాలవే కొండల్లో లేడు. ఈ మాట అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది క్వింటినే. ముప్పై ఏళ్ళుగా పల్లంలోని గ్రానైట్ గుండ్లతోనే కడుతున్నాడు. గుండ్రటి రాళ్ళు కదా, గోడ పైసగంలో ఒంటివరసగా పేరిస్తే సందుల్లోంచి ఆకాశం కనిపించేది.

ఆ ఏడు భూమి యజమానురాలు ఇసోబెల్ హానే పొలిమేర గోడను కొండగట్టు మీదికి ఎక్కించమంది. అక్కడ గొర్రెలు ఆగకపోతే గట్టు మీదా పల్లంలోనూ గోడకు బదులు ఇనప తీగ కంచే వేయిస్తానని ముందే చెప్పింది. తీగ పడితే ఆ లోయలో క్వింటిన్‌కు ఇక పనే ఉండదు.

గట్టు మీద రాయి వేరు. నల్లగా, చెయ్యి కోసుకునేలా ఉంటుంది. సుత్తి పడితే ఖంగుమంటుంది. గ్రానైట్ గట్టిదంటావుగా, మరి ఈ రాయి పైనుంటే అది పల్లంలో ఎందుకు పడుకుందని భార్య గ్రిజెల్ అడిగింది.

“ఒకప్పుడు గ్రానైటే నిప్పు. కిందనుంచి మరుగుతూ వచ్చి చుట్టూ ఉన్న మట్టిరాతిని ఇటుకలా కాల్చేసింది. తర్వాత వానకీ మంచుకీ తనేమో పొడిపొడిగా రాలిపోయింది. కాలింది మాత్రం అలాగే నిలబడింది.”

“నాలాగేనన్నమాట. నీ పక్కన ముప్పై ఏళ్ళు కాలానుగా,” అంది గ్రిజెల్.

నల్లరాళ్ళు ఒకదానికొకటి అతికినట్టు కూర్చున్నాయి. వారం తిరిగేసరికి చీమ దూరే సందు లేని గోడ లేచింది. మురిసిపోతూ గొర్రెల్ని తోలించాడు. మొదటి గొర్రె గోడను ఎగాదిగా చూసి, దాని మీదికి ఎగిరి, అవతల దిగి మేత మొదలెట్టింది. దాని వెనకే పదకొండు.

వెలుతురు కనిపించే గోడను గొర్రె నమ్మదు. కాలు పెడితే కూలుతుందని దాని భయం. అక్కడ గోడ కట్టే ప్రతివాడికీ తెలిసిన సంగతే. రాళ్ళు కుదిరాయన్న సంబరంలో క్వింటిన్ గొర్రెనే మరిచిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం.

సోమవారం తీగ వేసే మనుషుల్ని రమ్మంటానంది ఇసోబెల్. క్వింటిన్ పైసగమంతా ఊడదీశాడు. చక్కగా అతికే రాళ్ళనే కావాలని వంకరగా, మూలల మీద నిలబెట్టి, మధ్యలో సందులు వదిలాడు. నాలుగు రోజుల్లో ఒళ్ళు హూనమైంది. గ్రిజెల్ రాళ్ళు అందించింది కానీ నోరు మాత్రం మూయలేదు.

సోమవారం పొద్దున అదే గొర్రెను తోలారు. గోడ దగ్గరికి వచ్చింది, ముందుకాలు ఎత్తింది, దించింది, వెనక్కి తిరిగింది. ఇసోబెల్ రెండోసారి తోలించింది. మళ్ళీ తిరిగింది.

“అవతలి గట్టు మీద కూడా ఇంత పొడుగు గోడ కావాలి, క్వింటిన్. ఎప్పుడు మొదలెడతావు?” అంది ఇసోబెల్.

క్వింటిన్ కళ్ళు తుడుచుకుంటూ గోడవైపు తిరిగాడు.

“రేపే అమ్మగారూ,” అంది గ్రిజెల్.