హనుమక్క తాపీ

బెంగళూరు మహదేవపురలో అద్దాల మేడలు ఒకదాని భుజం మీదుగా ఇంకొకటి తొంగిచూస్తూ లేస్తున్న రోజులవి. హనుమక్క అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఆ కట్టుబడి పనుల్లో తట్ట మోస్తోంది. మడకశిర వైపు నుంచి మొగుడు ఓబులేసు చెయ్యి పట్టుకుని వచ్చింది. అతను బేల్దారి, గోడ కట్టాడంటే దారం గీసినట్టుండేది. అంతకు ముందటేడు, నిలబడి గోడ కట్టే సారువ కట్టె విరిగి పైనుంచి పడ్డాడు. మనిషి తిరిగి రాలేదు గానీ, అతని తాపీ ఇల్లు చేరింది. అంచున ఎండిపోయిన సిమెంటును ఆమె గీకలేదు. అది అతను చివరిసారి ముంచిన మాలు.

ఓబులేసు బీడీకి కూర్చున్నప్పుడల్లా గోడలో నాలుగు వరసలు హనుమక్కే లేపేది. మేస్త్రీ మునినారాయణప్ప చూసీ చూడనట్టు పోయేవాడు.

ఆ ఏడు దసరా ముందర సైటుకి కాంక్రీటు లారీ వచ్చింది. పొట్ట తిప్పుకుంటూ వచ్చి, లావాటి గొట్టంతో పై అంతస్తుకి కక్కేసి పోయింది. స్లాబు రోజున పొద్దుగూకేదాకా తట్టలందించే ఆడవాళ్ళు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు.

"పండగ అయినంక తట్టలోళ్ళు రావద్దండి. బేల్దారోళ్ళు చాలు" అనేశాడు మేస్త్రీ.

"అట్లయితే నేను బేల్దారి పనికే వస్తా" అంది హనుమక్క.

"ఆడది సారువ ఎక్కి గోడ కట్టేది ఎక్కడన్నా ఉండాదామ్మా?"

"ఇన్నేండ్లు ఇటుకలు మోసుకుంటా ఎక్కింది ఎవరప్పా, మీ అత్తా?"

అందరూ నవ్వారు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు.

ఆయుధపూజ నాడు బేల్దారులు తాపీలు కడిగి వరసగా పేర్చారు. ఆ వరసలో ఎవరి తాపీ ఉంటే వాళ్ళకే ఏడాదంతా గోడ పని. తట్టలు మటుకు ఎప్పుడూ ఆ వరసకెక్కలేదు. హనుమక్క కొంగులోంచి ఓబులేసు తాపీ తీసి చివరన పెట్టింది.

మునినారాయణప్ప రెండు వేళ్ళతో దాన్నెత్తి ఇసుక మీద పెట్టాడు. "సచ్చినోని తాపీ పూజకి పెట్టకూడదు. పైగా నువ్వు..." అని మిగిలింది మింగేశాడు.

ముండమోసినదానివి అనేగా. ఆమె తలెత్తి చూసింది.

కుంకుమ పెట్టారు, బూడిదగుమ్మడి పగలగొట్టారు. ఇక ఆచారం ప్రకారం గోడ మీద ఒక ఇటుక పెట్టాలి.

"మాలు తేండమ్మా! రాహుకాలం వస్తాది, బిరీన!" అని అరిచాడు మేస్త్రీ.

ఒక్క ఆడమనిషీ కదలలేదు. మాలు కలిపేది ఎప్పుడూ వాళ్ళే. హనుమక్కతో పాటు తట్ట మోసే సరోజమ్మ నింపాదిగా ఆకు నములుతూ అంది: "మమ్మల్ని రావద్దంటివి కదన్నా. ఆ లారీని పిలువు, కలిపిస్తాది."

కుంకుమబొట్ల తాపీలు పట్టుకుని బేల్దారులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పూజ బట్టల్లో పార పట్టడానికి ఎవడికీ మనసు రాలేదు.

హనుమక్క చీర ఎగదోపుకుంది. "నేను కలుపుతా. కలిపిన చెయ్యే ఇటుక పెడతాది. ఇష్టమైతే సరే, లేకపోతే రాహుకాలంలో నువ్వే పెట్టుకో."

"వంకర పోతే?"

"పోతే పీకి మళ్ళీ పెడతా. మీవోళ్ళు పీకనే లేదా ఏమి?"

మేస్త్రీ గోడ వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు. ఒక అడుగు పక్కకి జరిగాడు.

ఆమె మాలు కలిపింది. ఇసుక మీంచి ఓబులేసు తాపీ తీసుకుని, పాత సిమెంటు మీదుగానే కొత్త మాలు ఎత్తింది. ఇటుక పెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు కొట్టింది. ఎవరూ పెట్టని కుంకుమ తానే తాపీకి పెట్టి, వరసలో చివరన ఆనించింది. ఈసారి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

పండగ వెళ్ళిన మర్నాడు ఆమె తట్ట కింద పెట్టుకునే గుడ్డ చుట్ట ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

"తల బోసిగా ఉండాదేమక్కా?" అంది సరోజమ్మ.

"ఇంక అట్లే ఉంటాది. నువ్వూ ఒక తాపీ చూసుకోపో" అని హనుమక్క సారువ ఎక్కింది.