పలికిన దూలం

మా పక్కింటి ఆంటీ గత వారం కన్నుమూశారు. "అమ్మ నిద్రలోనే పోయింది అక్కా. పెయిన్ లేదు" అని ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది.

ఆంటీ రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్. శనివారాలు చీర మీద స్వెటర్, కాళ్లకు స్నీకర్లు వేసుకుని, నది ఒడ్డున ఉన్న పాత ఇంగ్లీషు బంగళాని టూరిస్టులకు చూపించేవారు. ఇంగ్లండులో ఎవరో జమీందారు కట్టుకున్న ఇల్లది. పాడుబడిపోతుంటే ఒక అమెరికన్ ధనవంతుడు కొన్నాడు. దూలం దూలం విప్పించి, నంబర్లు వేయించి, ఓడలో వర్జీనియాకి తెప్పించి మళ్లీ నిలబెట్టాడు. రెసెషన్‌లో నా ప్రాజెక్ట్ పోయినప్పుడు "ఇంట్లో కూర్చుని ఏడిస్తే వీసా వస్తుందా? నాతో రా" అని ఆవిడే నన్ను వాలంటీర్‌గా చేర్చారు. ఆ శనివారాలే లేకపోతే నాకు మతి పోయేది.

ఒక ఏప్రిల్ సాయంత్రం టూర్ అయిపోయాక పై హాల్లో మేమిద్దరమే మిగిలాం. "ఈ ఇంటికేం, ఇంకో ఐదొందలేళ్లుంటుంది" అన్నారు ఆంటీ. వెంటనే ఎక్కడో టకటకమంది. బల్లి పలికిందనుకుని ఆవిడ అలవాటు కొద్దీ "కృష్ణ కృష్ణ" అంటూ పక్కనే తల ఎత్తులో కప్పును మోస్తున్న ఓక్ దూలాన్ని వేలితో తట్టారు. ఇక్కడ బల్లులెక్కడివని ఇద్దరికీ అప్పుడు తట్టింది.

అంతలో చెక్క లోపలి నుంచి అదే చప్పుడు తిరిగొచ్చింది.

మళ్లీ తట్టారు. మళ్లీ జవాబొచ్చింది. నేను మెట్లవైపు జరుగుతుంటే, ఆవిడ మాత్రం దూలానికి చెవి ఆనించి, రోగి గుండె వింటున్నట్టు కళ్లు మూసుకున్నారు.

సంగతి చెబితే బంగళా మేనేజర్ నవ్వేశాడు. ఇంగ్లండులో మంచం పట్టినవాళ్ల పక్కన కాపలా కూర్చున్నవాళ్లు ఈ చప్పుడు వినేవారట, వింటే ఆ ఇంట్లో చావు తప్పదనేవారట. అవన్నీ కట్టుకథలన్నాడు. జూన్‌లో ఆ హాల్లో పెళ్లిళ్లకి బుకింగ్‌లు తీసుకున్నాడు మరి.

"దయ్యానికి ఆకలుండదమ్మా. ఇది తింటోంది" అన్నారు ఆంటీ నాతో.

నెల రోజులు అతన్ని వదల్లేదు. చివరికి దూలానికి చిన్న రంధ్రం వేయించాడు. డ్రిల్ వెన్నలోకి దిగినట్టు దిగింది. లోపల చెక్క లేదు, పిండి ఉంది. పిండిలో పురుగులున్నాయి. వసంతంలో అవి తలతో చెక్కను కొట్టి జోడీని పిలుస్తాయట. ఆంటీ వేలి చప్పుడు వాటికి జోడీ పిలుపైంది. పెళ్లిళ్లు ఆపేశారు, పాడైనంత మేరా కోసి కొత్త ఓక్ అతికారు. ఆవిడ పట్టుబట్టకపోతే ఆ కప్పు ఏ పెళ్లివాళ్ల మీదో కూలేది.

తర్వాత ప్రతి ఏప్రిల్‌లోనూ ఆవిడ ఆ దూలాన్ని తట్టి వినేవారు. "పలక్కపోతేనే మంచి కబురు" అనేవారు.

నిన్న నేనొక్కదాన్నే వెళ్లాను. తట్టి, చెవి ఆనించాను. చెక్క చల్లగా ఉంది. ఏమీ పలకలేదు. ఇల్లు క్షేమం. ఒక్కసారి పలికితే బాగుండుననిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది. అయినా టూర్ వాళ్లు మెట్లెక్కి వచ్చేదాకా చెవి తియ్యలేదు.