రెండు నిమిషాల స్టార్టు

ఈ ఉదయం దోహాలోని అల్ తుమామాలో మా యజమాని విల్లా ముందు కారు కడుగుతుంటే పక్కింటి గోడ అవతలి నుంచి టక్ టక్ టక్‌మని చప్పుడు వచ్చింది. కాసేపు ఆగి, మళ్ళీ టక్ టక్ టక్. పైపులోంచి నీళ్ళు నా కాళ్ళ మీదే పడుతున్నా గమనించలేదు. బ్యాటరీ దిగిపోయిన మోటార్‌సైకిల్‌కు మీట నొక్కితే వచ్చే చప్పుడది. తొమ్మిదేళ్ళ కిందట ఇలాంటి నవంబరులోనే మా గ్యారేజీలో అది విన్నాను. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు లింగన్న గుర్తొస్తాడు.

కడప దగ్గరి పల్లె నుంచి హౌస్ డ్రైవర్‌గా ఖతార్‌కు వచ్చినవాణ్ణి నేను. స్వతహాగా నిలకడ లేని మనిషిని. సిగ్నల్ పడితే స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తాను. అన్నం చల్లారేదాకా ఆగలేక నోరు కాల్చుకుంటాను. మా యజమాని పెద్ద కొడుకుకు ఒక పెద్ద ఎర్ర మోటార్‌సైకిల్ ఉండేది. ఇక్కడ సరదాగా బండ్లు తిప్పేవాళ్ళకు చలికాలమే కాలం. ఎండలు ముదరగానే బండికి గుడ్డ కప్పి గ్యారేజీలో పెట్టేస్తారు, గాలి చల్లబడ్డాక బయటికి తీస్తారు. ఆ ఏడు మే నెలలో అతను పైచదువుకు విదేశం వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టి, వారానికోసారి స్టార్ట్ చేస్తుండమన్నాడు. అప్పటికి నేను ఇల్లు చూసి రెండేళ్ళయింది. సెలవు అడిగితే, "నవంబరులో వస్తాను. బండి బాగుంటే డిసెంబరులో నువ్వు వెళ్ళు" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎంత తమాషా ఉందో, ఎంత నిజం ఉందో నాకు తెలియదు. నేను మాత్రం నిజమనే పట్టుకున్నాను.

ప్రతి శుక్రవారం గ్యారేజీలోకి వెళ్ళేవాణ్ణి. లోపల ఉడికిపోయేది. మీట నొక్కి, ఇంజన్ పలికిందని విని, రెండు నిమిషాలకే ఆపేసి బయటపడేవాణ్ణి. ఒక్క వారం కూడా తప్పలేదు. తీరా అతను రావడానికి ఒక రోజు ముందు తుడిచి సిద్ధం చేద్దామని మీట నొక్కితే టక్ టక్ టక్. బ్యాటరీ విప్పి, గోనెపట్టాలో చుట్టి, ఇండస్ట్రియల్ ఏరియాకు పరుగెత్తాను.

లింగన్న అక్కడ ఒక బ్యాటరీల షాపులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటినవాడు. తెలుగు డ్రైవర్లందరికీ తెలిసినవాడే. ఎంత మంది నిలబడి హారన్లు కొట్టినా చేతిలో ఉన్న పని ముగించనిదే తలెత్తడని ఆయనకు పేరు.

"అన్నా, యల్లా, కొత్తది ఏసెయ్. నాకు టైం లేదు" అన్నాను.

"గింత ఉరుకుడెందుకు తమ్మీ? సచ్చిందో బతికిందో సూడనియ్. ఎన్ని రోజులు నిలవెట్టినవ్?"

"ఐదు నెల్లు దాటింది. కానీ వారం వారం స్టార్ట్ చేసినాన్నా. ఒక్క వారం కూడా ఇడిసిపెట్టలేదు."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు."

ఆయన చేతిలోని పానా కింద పెట్టాడు. "గదే సంపింది. స్టార్ట్ చేసినప్పుడల్లా బండి బ్యాటరీల నుంచి గుంజుకుంటది. అర్ధగంట నడిపితేనే గుంజుకున్నది మల్ల నింపుతది. నువ్వేమో గుంజిచ్చుడు, బందు వెట్టుడు. వైరు పీకి పక్కన వెట్టినా గింత ఆగం గాకపోవు."

నాకు కోపం వచ్చింది. అంత ఎండలో చేసిన డ్యూటీ అంతా తప్పేనట. ఆయన దాన్ని చిన్న చార్జరుకు తగిలించి, తొందరపెడితే లోపల కాలుతుందని, మరునాడు సాయంత్రం రమ్మన్నాడు. వెళ్ళాను. చార్జరు తీశాడు గానీ మీటరు పెట్టడే! అప్పుడే చూస్తే అబద్ధం చూపిస్తుందట, గంటసేపు దాని మానాన దాన్ని వదిలెయ్యాలట. ఆ గంటలో నేను షాపు ముందు ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. మధ్యలో నా భార్య ఫోన్ చేసింది.

"తింటివా?"

"తింటి."

"సెలవు ఖాయమేనా? అత్తకు సెప్పేదా?"

"ఖాయమేలే. సరే, పెడ్తాండా."

తిరిగి చూస్తే లింగన్న నన్నే చూస్తున్నాడు. గంట కాగానే మీటరు పెట్టాడు. ముల్లు లేవలేదు. ఆ సైజు బ్యాటరీ ఆదివారానికి గానీ రాదన్నాడు. అప్పుడే ఆ పెద్ద కొడుకు, మా చిన్న యజమాని, ఫోన్. పొద్దున్నే దిగాడు, మరునాడు శుక్రవారం స్నేహితులతో బండి మీద వెళ్ళాలి, అంతా సిద్ధమేనా అని అడగడానికి. నేను ఫోన్ చేత్తో మూసి లింగన్న వైపు చాపాను.

"ఎండకు పోయిందని నువ్వు సెప్పన్నా. ఈ దేశంలో ఎవరైనా నమ్ముతారు. నీ కాళ్ళు పట్టుకుంటా, నా సెలవు పోతాది."

"ఎండ తిన్నది సగమే. కడమ సగం నువ్వు తిన్నవ్. సగం మాట నేను జెప్ప తమ్మీ. నువ్వే జెప్పు."

ఫోన్‌లో హలో, హలో అంటున్నాడు. వచ్చీరాని అరబ్బీలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. "డిసెంబర్ మాఫీ. తర్వాత చూద్దాం" అని పెట్టేశాడు. ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదని.

నేను లింగన్న మీద విరుచుకుపడ్డాను. నీకేం పోయింది, ఒక్క మాట అబద్ధమాడితే నీ సొమ్మేం కరిగిపోయేది అని అరిచాను. ఆయన అంతా విన్నాడు. ఫ్లాస్కులోంచి టీ వంచి నా ముందు పెట్టాడు.

"ఇంటికి గూడ గట్లనే జేస్తున్నవ్ తమ్మీ. మోగిచ్చుడు, బందు వెట్టుడు. నేను గూడ గట్లనే జేసిన, ఇరవై ఏండ్లు. రోజు తప్పకుంట చేసిన. ఇయ్యాల నా పెండ్లాం ఫోన్ ఎత్తితె ఏం మాట్లాడాల్నో మా ఇద్దరికీ తెల్వది. ఇగ నీ ఇష్టం."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. షాపు పక్కన పడేసిన పాత టైరు మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. సెలవు పోయిందని చెప్పాను. ఆమె ఏడ్చింది, తిట్టింది. ఫోన్ పెట్టేసి లేచి వెళ్ళాలని కాళ్ళు లాగుతున్నా లేవలేదు. ఏడుపయ్యాక తను స్కూటీ నేర్చుకుంటున్నానని చెప్పింది. వంక దగ్గర పడి మోచెయ్యి చీరుకుపోయి నెల అయిందట.

"నాకు సెప్పలేదే?" అన్నాను.

"సెప్పేలోపల పెట్టేస్తాంటివి గదా" అంది.

ఆ మాట నాకు సెలవు పోయినదానికంటే ఎక్కువ తగిలింది.

సెలవు మార్చిలో దొరికింది. ఆ మే నెలలో చిన్న యజమాని ఏమీ అనకుండా తాళంచెవి మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు. అతని ఎదుటే బ్యాటరీ వైరు ఊడదీసి పక్కన పెట్టాను. ఆ ఒక్కసారి లింగన్న అబద్ధమాడి ఉంటే, ఎప్పుడో అది బయటపడి, ఆ తాళంచెవి మళ్ళీ నా చేతికి వచ్చేది కాదని ఇప్పుడు అనుకుంటాను. ఆ సాయంత్రం అరిచినందుకు క్షమించమని ఆయన్ను ఎప్పుడూ అడగలేదు. అది నాకు సిగ్గుగానే ఉంది.

లింగన్న మూడేళ్ళ కిందట కంపెనీ వదిలి ఊరికి వెళ్ళిపోయాడు. ఊపిరితిత్తులు బాగాలేవు, మాట్లాడితే ఆయాసం. ఈ ఉదయం పక్కింటి డ్రైవరుకు బ్యాటరీ సంగతి చెప్పి వచ్చి, తడి కాళ్ళతోనే గ్యారేజీ మెట్టు మీద కూర్చుని ఆయనకు ఫోన్ చేశాను. బాగుండావా అంటే బాగున్న అన్నాడు. తింటివా అంటే తిన్న అన్నాడు. వెనక ఆయన భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"సరే తమ్మీ, మంచిగుండు. పెడ్తున్న."

"పెట్టొద్దు. ఇంకా అర్ధగంట కాలేదన్నా" అన్నాను.

ఆయన ఆయాసపడుతూనే ఫోన్ పక్కకు జరిపి, "ఏమే, జర పని ఇడిసిపెట్టి ఇట్ల వచ్చి కూసో. కడప తమ్ముడు మాట్లాడుతుండు" అన్నాడు.